మూర్తికి ఉత్తరం: ఆల్ఫ్రెడ్ రాజు దారిలో సైకిల్ మీద

ప్రియమైన మూర్తీ,

నీ ఉత్తరం అందింది. వచ్చే వేసవిలో ఇంగ్లండ్ వస్తున్నావని చదివి ఎగిరి గంతేశాను. ఆ తర్వాతి వాక్యం చదివి నీరుగారిపోయాను. లండన్‌లో బస్సెక్కి ఒక్క పూటలో స్టోన్‌హెంజ్, ఆ ఆదిమకాలపు రాతి వలయం, చూసేసి వస్తావా? అదేమైనా మొక్కుబడా? బస్సు నిన్ను అక్కడ దింపుతుంది, నువ్వు దూరంగా బాట మీద నిలబడి ఫొటో తీసుకుంటావు, మళ్లీ బస్సెక్కుతావు. అంతే కదా! నా మాట విని సైకిల్ ఎక్కరా.

దారి పేరు 'కింగ్ ఆల్ఫ్రెడ్స్ వే'. సైక్లింగ్ యూకే అనే సంస్థ 2020లో దీన్ని ప్రకటించింది. వించెస్టర్‌లో బయలుదేరి 350 కిలోమీటర్లు చుట్టి మళ్లీ అక్కడికే చేరుతుంది. కొత్తగా వేసిందేమీ కాదు, ఎప్పటినుంచో ఉన్న మట్టిబాటలనూ పల్లె రోడ్లనూ కలిపి ముడివేశారు. ఆల్ఫ్రెడ్ 871 నుంచి 899 దాకా దక్షిణ ఇంగ్లండ్‌లోని వెస్సెక్స్ రాజ్యాన్ని ఏలాడు, డేన్ల (వైకింగుల) దండయాత్రలను నిలువరించాడు. వించెస్టర్‌లో ఆయన కంచు విగ్రహం దగ్గరే బయలుదేరడం. విగ్రహం ఘనంగానే ఉంది గానీ ఆయన ఎముకలు ఎక్కడున్నాయో ఎవరూ రూఢిగా చెప్పలేరు. 1788లో అక్కడ జైలు కడుతూ, ఆయన్ని పాతిపెట్టిన పాత మఠం సమాధులను తవ్వి చెల్లాచెదరు చేశారు.

పడమటికి తొక్కితే సాల్స్‌బరీ, దాని పక్కనే ఓల్డ్ సారమ్ వస్తాయి. ఇనుపయుగం నాటి మట్టికోట లోపల నార్మన్లు కోటా చర్చీ కట్టుకున్నారు. 1220లో కింద మైదానంలో కొత్త చర్చికి పునాది వేశాక మెల్లగా ఊరంతా అక్కడికే దిగిపోయింది. కొండ మీద మనుషులు లేకుండా పోయినా 1832 దాకా పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపుతూనే ఉంది! రాజకీయాల గురించి నాతో గంటలు గంటలు వాదిస్తావు కదా, ఆ గట్టు మీద కూర్చుని వాదించుకుందాం.

ఇక నీ స్టోన్‌హెంజ్. బాట పక్కనుంచే వెళుతుంది కాబట్టి నీ ముచ్చటా తీరుతుంది. అయితే అక్కడ ఎక్కువసేపు ఆగనివ్వను. అక్కడి పెద్ద రాళ్లు ఒక్కొక్కటి సగటున 20 టన్నులు ఉంటాయి. వాటిలో చాలావాటిని ఉత్తరాన 25 కిలోమీటర్ల దూరంలోని వెస్ట్ వుడ్స్ నుంచి తెచ్చారని 2020లో తేల్చారు. చిన్న నీలిరాళ్లు వేల్స్ నుంచి వచ్చాయి. మధ్యలో పడి ఉన్న బలిపీఠం రాయి స్కాట్లండ్‌దని 2024లో బయటపడింది. ఇవన్నీ బస్సులో చదివితే అంకెలే. మన దారి స్టోన్‌హెంజ్ నుంచి ఉత్తరానికి తిరుగుతుంది, అంటే ఆ పెద్ద రాళ్లు వచ్చిన దిక్కుకు ఎదురు తొక్కుతామన్నమాట. ఖాళీ సైకిల్‌తో ఒక ఎత్తు ఎక్కేసరికే పిక్కలు పట్టేస్తాయి. 20 టన్నుల బండను ఈడ్చుకొచ్చిన వాళ్ల సంగతి అప్పుడు తలకెక్కుతుంది.

మధ్యలో సాల్స్‌బరీ మైదానంలో సైన్యం శిక్షణ ఇస్తుంటుంది. ఎర్రజెండా ఎగిరితే కాల్పులు జరుగుతున్నట్టు, అటు వెళ్లకూడదు. ఆ ముక్క గుర్తుంచుకో, చాలు.

నా ఓటు మాత్రం ఏవ్‌బరీకే. ప్రపంచంలో కెల్లా పెద్ద రాతి వలయం అది, ఎంత పెద్దదంటే లోపల ఒక ఊరే ఉంది. గొర్రెలు రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ మేస్తుంటాయి. తాడు లేదు, కాపలా లేదు, చెయ్యి వేసి గరుకు చూడవచ్చు. ఒకప్పుడు ఊరివాళ్లే ఈ రాళ్లను పడగొట్టి పూడ్చారు, తర్వాత్తర్వాత నిప్పుతో కాల్చి నీళ్లు పోసి పగలగొట్టి ఇళ్లు కట్టుకున్నారు. 1938లో అలా పూడ్చిన ఒక రాయిని పైకి తీస్తే కింద ఒక మనిషి అస్థిపంజరం దొరికింది, పక్కనే ఒక కత్తెర, 14వ శతాబ్దం తొలినాళ్ల నాణేలు. పాపం, ఎవరో ఏమో! ఆ రాయి మళ్లీ నిలబడే ఉంది. దాని ముందు నువ్వు కదలకుండా నిలబడిపోతావని పందెం.

అక్కడినుంచి రిడ్జ్‌వే. సుద్దకొండల వెన్ను మీదుగా సాగే ఈ బాట మీద 5,000 ఏళ్లుగా మనుషులు నడిచారంటారు. బార్బరీ కోట కందకాల మధ్యనుంచి సైకిల్ నడుపుతూ పోవచ్చు. తర్వాత బాట నుంచి నాలుగడుగులు పక్కకు వేస్తే చెట్ల గుంపులో వేలాండ్స్ స్మితీ, ఐదున్నర వేల ఏళ్ల నాటి రాతి సమాధి. గుర్రాన్నీ ఒక నాణేన్నీ అక్కడ వదిలి వెళితే కంటికి కనబడని కమ్మరి లాడం కొట్టి ఉంచుతాడట. పంక్చర్లు కూడా వేస్తాడేమో అడిగి చూద్దాం! ఇంకాస్త ముందుకు పోతే కొండవాలు మీద సుద్దతో గీసిన అఫింగ్‌టన్ తెల్లగుర్రం బొమ్మ, 110 మీటర్ల పొడవు, దాదాపు మూడువేల ఏళ్ల వయసు. దగ్గరికెళితే గుర్రం కనబడదు, తెల్లటి గీతలే. గడ్డి కమ్ముకోకుండా ఏటా జనం సుత్తులు పట్టుకొచ్చి కొత్త సుద్ద దంచుతారు. రాజులు పోయినా ఆ పని ఆగలేదు.

మిగతాది రెడింగ్‌లో ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీని పాతిపెట్టిన మఠం శిథిలాలు, ఫార్న్‌హామ్ కోట, సౌత్ డౌన్స్ కొండలు. బాగానే ఉంటాయి, కానీ అప్పటికి మనకు ఓపిక ఉండాలి.

ఇక్కడ 'ఫుట్‌పాత్' అని బోర్డు ఉన్న పొలం బాటలో సైకిల్ తొక్కే హక్కు లేదు. 'బ్రిడిల్‌వే' అంటే గుర్రాల బాట, అందులో తొక్కవచ్చు. 1968 చట్టం ఆ వీలు కల్పించింది, కాకపోతే నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలి. చెకుముకి రాళ్లు టైర్లను కోసేస్తాయి, కాబట్టి లావు టైర్లు తప్పనిసరి. వాన పడితే సుద్ద నేల సబ్బులా జారుతుంది, అందుకని జూన్‌కు ముందు రాకు.

నీ సైకిల్ విమానంలో మోసుకురావద్దు, ఇక్కడే అద్దెకు తీసుకుందాం. కాలి లోపలి పొడవు మడమ దాకా కొలిచి సెంటీమీటర్లలో రాసి పంపు. ఉజ్జాయింపుగా వద్దు, టేపు పెట్టి కొలువు.

నీ
రఘు