బుజ్జీ, ఈ బంగాళాదుంప సంగతి విను

బుజ్జీ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది, కోప్పడకే. నాన్నకి కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నారు, పేపరు మొత్తం చదివేస్తున్నారు. చిన్నోడికి జ్వరం వచ్చి తగ్గింది. ఇక అసలు విషయం, నిన్నటి నుంచి కడుపులో ఆగడం లేదు.

మాకు లైబ్రరీ గ్రాంటు వచ్చింది. ప్రైమరీ బడి కదా, సమగ్ర శిక్షా అనే సర్కారు బడుల పథకం కింద 5,000 రూపాయలు. పోయినసారి కొన్నవి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కి బీరువాలోకి పోయాయి. పోతే ఎవరు కట్టాలి అన్న భయంతో తాళం పడింది, అంతే. మన చిన్నప్పటి బడిలోనూ ఇంతే కదా, ఆ అద్దాల బీరువా ముందు నిలబడి అట్టల మీద పేర్లు చదువుకునేవాళ్లం, లోపల ఏముందో... సరే, అది తలుచుకుంటే ఏడుపొస్తుంది.

ఈసారి కొనేముందే పిల్లలకి చూపిద్దామనుకున్నా. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్లి 12 పుస్తకాలు ఒక్కో కాపీ తెచ్చాను. మంచి పుస్తకం వాళ్లవి, ప్రథమ్ వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్‌వి, ఇంకా ఒకటీ అరా. గోడకి తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశా. నాలుగు రోజులు ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోవచ్చు.

నా జాబితా నేను ముందే రాసుకున్నాను. అక్షరాలు మరీ చిన్నగా ఉండి వొత్తులు కింది లైనుకి అతుక్కుపోయినవి వద్దు. నల్లగా ఉన్నవాణ్ణే దొంగగా వేసిన బొమ్మల పుస్తకం అసలే వద్దు, దాన్ని తాడు మీదికి కూడా ఎక్కించలేదు. పేజీలో అయిదు కంటే ఎక్కువ తెలియని మాటలుంటే వద్దు. మన పిల్లల ఇళ్లలో వినపడని మాటలున్నాయని కూరగాయల పుస్తకం కూడా కొనేవాటిలోంచి కొట్టేశాను, తాడు మీద మాత్రం ఉంచాను. అక్కడే పప్పులో కాలేశా.

మూడో రోజు రెండో తరగతి పిల్ల ఒకతి ఆ కూరగాయల పుస్తకమే పట్టుకుంది. ఇంకా గుణింతాల దగ్గరే తడబడుతుంది పాపం. వేలు పెట్టి బం... గా... ళా... దుం... ప అని కూడబలుక్కుని, బొమ్మ చూసింది, మళ్లీ మాట చూసింది, మళ్లీ బొమ్మ. "టీచర్, గిది ఆలుగడ్డ కద, బంగారం అంటరేంది?" అంది! నాలుగో తరగతి వాడొకడు లేచి, మా అమ్మమ్మోళ్లు గట్లనే అంటరు, వాళ్లది గుంటూరు దిక్కు అన్నాడు. ఇక చూడు, అందరూ ఆ పుస్తకం మీద పడ్డారు. ఉల్లిపాయంటే ఉల్లిగడ్డ, వెల్లుల్లి అంటే ఎల్లిగడ్డ, మొక్కజొన్న అంటే మక్క... బోర్డు నిండిపోయింది. నేను పలకరించినా నోరు విప్పని పిల్లలు గొంతు చించుకుని అరుస్తున్నారే! ఆ పిల్ల మాత్రం పుస్తకం వదల్లేదు, ఇంటికి తీసుకుపోయి వాళ్లమ్మకి చదివి వినిపించిందట.

అయిదో రోజు పుస్తకాలు నేల మీద పరిచి 23 మందికీ తలా మూడు చింతగింజలు ఇచ్చా, నచ్చినవాటి మీద పెట్టమని. కూరగాయల పుస్తకానికి 17! మాటల్లేని బొమ్మల పుస్తకానికి 14. మెరిసే అట్ట నీతికథలకి రెండే. హెడ్‌మాస్టర్ సార్ ఆ గింజలు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఇక నీతికథల ఊసే ఎత్తలేదు.

తెలియని మాట ఉంటే పుస్తకం పిల్లలకి దూరమవుతుందని ఇన్నేళ్లూ అనుకున్నా బుజ్జీ. పక్కన బొమ్మ ఉండి, అది వాళ్లింట్లో వండుకునే కూర అయితే, ఆ మాటే పిల్లల్ని లోపలికి లాగుతుంది. వరసగా ప్రతి లైనులోనూ ఉంటే మాత్రం కష్టమే, అది నువ్వూ ఒప్పుకుంటావు.

సార్ ఇంకో మాట కూడా ఒప్పుకున్నారు, చిరిగిన పుస్తకానికి ఎవరూ డబ్బు కట్టక్కర్లేదని, అతికించి మళ్లీ తాడుకే పెడతామని.

నీ బడికి డబ్బు రాలేదన్నావు కదా, స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు చూడు, తెలుగు కథలు ఉచితంగా దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు. నాలుగు స్థాయిలుంటాయి, కానీ మొదటి స్థాయి అని ఉంది కదా అని నమ్మెయ్యకు, వొత్తులు ఎన్నున్నాయో నువ్వే ఒకసారి చదివి చూసుకో.

ఆ మాటల్లేని పుస్తకంతో మా తండా పిల్లాడు లంబాడీలో కథ చెప్పాడు తెలుసా, అదైతే ఇంకా... అయ్యో, సార్ మండలానికి బయల్దేరుతున్నారు, కవరు ఆయన చేతికే ఇవ్వాలి. మిగతాది మళ్లీ రాస్తా.

నీ
చిన్ని