చిన్నోడి సూదులు ఒక్కటీ తప్పకూడదు

కువైట్,
మంగళవారం రాత్రి

చెల్లీ,

ఫోన్లో అవ్వ ఏడుస్తుంటే నీకు సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాసి వాట్సాప్‌లో పెడుతున్నా. బావకు చూపించు, అవ్వకు చదివి వినిపించు.

కుక్క కరిచిన వెంటనే చిన్నోడి చెయ్యి కొళాయి కింద పెట్టి పావుగంట సేపు సబ్బుతో కడిగావు చూడు, చాలా మంచి పని చేశావు. కుక్క జొల్లుతో వచ్చిన రేబిస్ వైరస్ అక్కడే చాలావరకు పోతుంది. అవ్వ సున్నం పెడతానన్నా, ఎవరైనా ఆకుపసరు తెచ్చినా ఒప్పుకోవద్దు.

నాకు టెన్షన్ అంతా బావ మాటతోనే. "చిన్న గాటే, కుక్క కూడా బాగానే తిరుగుతోంది" అన్నాడంట. రోగం బయటపడక ముందే, కొన్ని రోజుల నుంచే, దాని జొల్లులో వైరస్ ఉండొచ్చు. కుక్కను పది రోజులు గమనించమనేది నిజమే, కానీ సూదులు వేయిస్తూనే గమనించాలి. పైగా వాడికి వేళ్ల మీద కరిచింది, రక్తం వచ్చింది. వేళ్లలో నరాలు ఎక్కువ. ఆ నరాల వెంటే వైరస్ మెదడుకు పోతుంది. లక్షణాలు మొదలైతే ఇక బతికించడం దాదాపు ఎవరి వల్లా కాదు చెల్లీ. ఏం చేసినా ఆ లోపలే చేయాలి.

రక్తం వచ్చిన గాయానికి టీకా ఒక్కటే చాలదు. టీకా పనిచేయడం మొదలయ్యేలోపు కాపాడటానికి ఇమ్యునోగ్లోబులిన్ అనే మందును గాయంలోనే, దాని చుట్టూ వేస్తారు. చిన్నోడికి భుజాలకే వేశారని చెప్పావు. మొదటి సూది పడిన ఏడు రోజుల లోపు ఈ మందు వేయొచ్చు, అయినా అన్నాళ్లు ఆగొద్దు. రేపు పొద్దున్నే మైదుకూరులో బస్సెక్కి కడప రిమ్స్‌కు పోండి. చీటీ మర్చిపోవద్దు, ఇమ్యునోగ్లోబులిన్ కావాలని పేరు పెట్టి అడుగు.

అవ్వకు బొడ్డు చుట్టూ వేసే 14 సూదులంటే భయం. గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకాను మన దేశంలో ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు భుజాలకు, చర్మంలోకి కొంచెమే వేస్తారు. నిన్న సోమవారం మొదటిది పడింది. తర్వాత గురువారం, వచ్చే సోమవారం, ఆఖరిది 28వ రోజు, అదీ సోమవారమే. గాయం మానిందని ఆఖరిది మానేసేవాళ్లు ఉన్నారు. మీరు అలా చేయొద్దు.

మన వాకిట్లో అన్నం తినే ఎర్రకుక్కకు కూడా పశువుల ఆసుపత్రిలో టీకా వేయించమని బావకు చెప్పు. ఏటా వేయించాలి.

దారి ఖర్చులకు బావకు ఫోన్‌పే చేయించాను. గురువారం సూది పడగానే చీటీ ఫొటో పెట్టు. డ్యూటీలో ఉన్నా చూసుకుంటా.

మీ అన్న