స్టార్లు వేసేముందు తవుడు ఉందో లేదో చూడండి

సంపాదకులకు నమస్కారం. ఆహార ప్యాకెట్ల మీద వేయాలని ప్రతిపాదించిన స్టార్ల గురించి రాస్తున్నాను.

బెంగళూరు కె.ఆర్. పురంలో మాకు పిండి మిల్లు ఉంది. మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు రాగులు మొలకకట్టి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి ఆడించుకోవడానికి తెస్తుంటారు. ఈమధ్య పసిపిల్లల తల్లులు కొందరు రాగి బిస్కెట్ ప్యాకెట్ చూపించి, "ఇది పెడితే చాలదా అక్కా?" అని అడుగుతున్నారు. ఒకామె ఇచ్చిన ప్యాకెట్ తిప్పి చూశాను. ముందు పెద్ద రాగి కంకి బొమ్మ. వెనక, ఫోన్ టార్చి వేస్తేగానీ కనపడని అక్షరాల్లో మైదా, చక్కెర, పామాయిల్, ఆ తర్వాత రాగిపిండి. బరువులో ఎక్కువున్నదే ముందు రాయాలని రూలు. కాబట్టి అందులో రాగి ఏపాటిదో ఆ వరుసే చెబుతోంది.

ఎక్కువ స్టార్లుంటే అంత ఆరోగ్యకరమని తెలిసేలా ప్యాకెట్ల ముందు అర స్టార్ నుంచి అయిదు దాకా వేయాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 సెప్టెంబరులో ముసాయిదా తెచ్చింది. దాని ప్రకారం 100 గ్రాములకు కేలరీలు, చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు ఎంతో చూసి పాయింట్లు కోస్తారు. పీచు, ప్రొటీన్, పండ్లు, పప్పులు ఉంటే కలుపుతారు. 2014లో మొదలైన ఆస్ట్రేలియా స్టార్ల పద్ధతీ దాదాపు ఇంతే. అక్కడ తవుడు తీయని ముడి ధాన్యానికి విడిగా పాయింట్లు లేవు, పీచు లెక్కలో వచ్చిందే దానికి దక్కుతుంది. మనవాళ్లు చిరుధాన్యాలనూ మంచి జాబితాలో చేర్చారు, సంతోషం. కానీ కాల్షియం లెక్కలోనే లేదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో పది కూడా ఉండదు. ప్రొటీన్‌లో మాత్రం బియ్యమే కాస్త ముందుంటుంది. పిల్లల ఎముకల కోసం మనం రాగి జావ పోస్తుంటే, స్టార్ల లెక్కకు ఆ బలమే కనపడదు!

ఇంకో బాధ. కొర్రలు, సామలు కూడా ఇప్పుడు తెల్లగా పాలిష్ పట్టి అమ్ముతున్నారు. పీచు చాలావరకు తవుడుతోపాటు పశువుల దాణాకు పోతోంది. అలాంటి గింజకూ చిరుధాన్యమన్న పేరుతో పాయింట్లు కలిపితే జనాన్ని మోసం చేసినట్టే.

అందుకే అధికారులను కోరేది ఇది. తవుడు పోని గింజకే ఆ పాయింట్లు ఇవ్వాలి. ప్యాకెట్ మీద ఏ ధాన్యం పేరో, బొమ్మో వేస్తే అది ఎంత శాతం ఉందో చెప్పాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. ఆ అంకెను వెనక మూలన దాచకుండా, ముందువైపు ఆ పేరు పక్కనే, అంతే సైజు అక్షరాల్లో వేయించాలి.

– ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం, బెంగళూరు