మెష్ ధర ఎందుకు పెరిగింది, పచ్చపూత మెష్ మా కొట్టులో ఎందుకు లేదు

మా కొట్టులో కంచె సామాను కొని తోటలకు వేయించుకున్న ఖాతాదారులందరికీ నమస్కారం. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న కొబ్బరి తోటలకు కిందటి దాళ్వా (రెండో పంట వరి) కోతల తరువాత మేము వేసిన చైన్‌లింక్ మెష్, ఒక్క వానాకాలం దాటేసరికి తుప్పెక్కిన సంగతి మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. సముద్రానికి దూరంగా రావులపాలెం వైపు వేసిన అదే మెష్ ఇంకా బాగానే ఉంది కాబట్టి, లోపం మెష్‌ది కాదనీ ఉప్పుగాలిదనీ మాకు సరుకు పంపిన తయారీదారు చెప్పుకొస్తున్నాడు. ఆ మాటకు జవాబు అతనితో ఫోనులో చెప్పి ఊరుకోవడం కంటే మీ అందరికీ చెప్పడమే సబబనిపించింది.

ఇనుప తీగను కాపాడేది దాని మీది జింకు పూత. ఇనుము కంటే ముందు జింకు తాను కరిగిపోతూ తీగను నిలబెడుతుంది కాబట్టి పూత ఎంత మందంగా ఉంటే తీగకు అంత ఆయుష్షు. ఉప్పుగాలిలో ఆ కరుగుదల వేగంగా జరుగుతుందన్న మాట నిజమే. నిజం కనుకనే సముద్రం పక్క తోటలకు మందపు పూత కావాలని అడిగి, అందుకు తగిన ధర చెల్లించి మరీ తెప్పించాను. మనం బేరమాడేటప్పుడు వాడే గేజి తీగ లావును మాత్రమే చెబుతుంది. 8 గేజి అంటే సుమారు 4 మిల్లీమీటర్లు, 10 గేజి అంటే 3.25, 12 గేజి అంటే 2.64, అంకె పెరిగిన కొద్దీ తీగ సన్నబడుతుంది. పూతను చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల జింకు అని వేరే లెక్క కడతారు, దానికి ఐఎస్ 4826 అనే ప్రమాణం ఉంది. కరిగించిన జింకులో ముంచి తీసిన తీగకు పూత మందంగా పడుతుంది, కరెంటుతో పట్టించినది పలుచన. కొట్లో చుట్ట విప్పినప్పుడు ఆ పలుచనిదే ఎక్కువ మెరుస్తుంది కూడా.

తోటల తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తమే ఈ తగవు తీర్చింది, అందులో ఉండేది రాగి. దాన్ని నీళ్లలో చిక్కగా కరిగించి, ఒక గాజు గ్లాసులో మా పాత నిల్వలోని తీగ ముక్కను, ఇంకో గ్లాసులో ఈ కొత్త మెష్ తీగ ముక్కను నిమిషం పాటు ముంచి, తీసి, కడిగి, గుడ్డతో తుడిచి మళ్లీ ముంచాను. పాత తీగ మళ్లీ మళ్లీ ముంచినా నల్లబడడమే తప్ప ఎర్రబడలేదు. కొత్తది రెండో ముంపుకే రాగి చెంబులా ఎర్రగా తేలింది, గట్టిగా తుడిచినా ఆ ఎరుపు పోలేదు. జింకు అయిపోయి ఇనుము బయటపడితేనే దాని మీద రాగి అలా అంటుకుంటుంది. ఈ పరీక్ష వీడియో పంపితే తయారీదారు దగ్గరినుంచి వచ్చిన జవాబు, “అందరూ ఇదే తీసుకెళ్తున్నారు, మీకొక్కరికే వచ్చిందా ఇబ్బంది?” అని. అవును, నాకే వచ్చింది. అంతర్వేది దగ్గర ఒక పెద్దాయన తుప్పు రాలుతున్న కంచె పట్టుకుని, “ఏవండీ, దీనికన్నా మా తాతల నాటి మట్టల దడే నయం కదండీ” అన్నారు. దడి ఏటా విప్పి కట్టుకోవలసిందేనని ఆయనకు నాకంటే బాగా తెలుసు. తెలిసి అన్న మాట కాబట్టే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

అసలు తేల్చుకోలేక సతమతమైంది పచ్చపూత మెష్ విషయంలో. నష్టం పూడుస్తానంటూ అదే తయారీదారు ప్లాస్టిక్ పూత వేసిన మెష్ తక్కువ ధరకు ఇస్తానన్నాడు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, మీలోనే చాలామంది అడుగుతున్నారు, చుట్టుపక్కల కొట్లన్నీ అమ్ముతున్నాయి. కింద మంచి జింకు ఉన్న తీగ మీద ఆ పూత వేస్తే నేను కూడా కాదనను. కానీ అతను పంపిన నమూనాను బ్లేడుతో గీసి చూస్తే లోపల ఉన్నది ఆ పలుచని జింకు పూత తీగే, అదీ 12 గేజి. పై ప్లాస్టిక్‌ను కలుపుకుని 10 గేజి అని చీటీ అంటించాడు. తెగిన కొసల దగ్గర, బైండింగు తీగ బిగించిన చోట ఉప్పునీరు లోపలికి దిగితే తుప్పు ప్లాస్టిక్ కిందే పాకుతుంది, కంచె ఊడి చేతికొచ్చేదాకా బయటికి కనబడదు. ఇంట్లోవాళ్లు, లెక్కలు చూసే మా బావగారు కూడా, ఒక్క సీజను అమ్మి పాత నష్టం రాబట్టుకోమన్నారు. చాలా రాత్రులు ఆలోచించి వద్దనుకున్నాను. దీన్ని మొండితనం అంటే అనుకోండి.

ఇకనుంచి మేము అమ్మే ప్రతి చుట్ట బిల్లు మీద గేజితో పాటు జింకు గ్రాములు కూడా రాసి ఇస్తాము. ధర పెరుగుతుంది, అందులో బేరం లేదు. మైలుతుత్తం గ్లాసు కౌంటరు మీదే ఉంటుంది, అనుమానం ఉన్నవారు తీగ ముక్క తెంపి ముంచి చూసుకోవచ్చు. ముళ్ల తీగకూ ఇదే పద్ధతి. సముద్రం దగ్గరి తోటలకు సిమెంటు స్తంభాల బదులు రాతి స్తంభాలే సూచిస్తాము, ఎందుకంటే ఉప్పు లోపలి ఊచలదాకా చేరితే అవి తుప్పుపట్టి ఉబ్బి సిమెంటును నిలువునా చీలుస్తాయి. మూలల్లో ఆనింపు స్తంభాలు, పైనా మధ్యా కిందా లాగి బిగించే తీగలు ఎప్పటిలాగే ఉంటాయి. కంచెను చెట్ల వరస నుంచి కాస్త ఎడంగా వేయించుకోండి. పైనుంచి పడే కొబ్బరి మట్టకు ఏ గేజి మెష్ అయినా వంగుతుంది.

తుప్పెక్కిన మెష్ మొత్తం మా ఖర్చుతోనే మారుస్తాము. ఈ దాళ్వా కోతలు అయి గట్ల మీద బండి నడిచే వీలు రాగానే సముద్రం వైపు తోటలతో మొదలుపెడతాము, కూలి కూడా మాదే. రావులపాలెం వైపు వారి కంచెలు ఇప్పుడు బాగున్నా, అదే సరుకు కాబట్టి వారివీ వరసలో మారుస్తాము. బిల్లు పోయినా ఇబ్బంది లేదు, కంచె కట్టింది మా మనుషులే కాబట్టి ముడి చూస్తే నాకు తెలిసిపోతుంది.