మా దగ్గర ఒక్క కొటేషనే దొరుకుతుంది

డెస్కులు, బీరువాలు, ర్యాకులు కొనే మా ఖాతాదారులందరికీ నమస్కారం.

బడులు తెరిచే ముందు మా జీడిమెట్ల షెడ్డుకు ఫోన్లు ఎక్కువగా వస్తాయి. వాటిలో చాలావరకు ఒకటే కోరిక: "మీ కొటేషన్‌తో పాటు ఇంకో రెండు కూడా మీరే చూసి పంపించండి." వేరే రెండు షాపుల లెటర్‌హెడ్ల మీద, మాకంటే కాస్త ఎక్కువ రేటు వేయించి మేమే పంపాలన్నమాట. ఫైలులో మూడు కాగితాలు చేరతాయి, తక్కువ ధర మాదే కాబట్టి ఆర్డరు మాకే వస్తుంది. మేము కాదన్నందుకు ఈ మధ్య పాత ఖాతాదారు ఒకాయన నొచ్చుకున్నారు. "అందరూ ఇస్తున్నారు కదండీ, మీకొచ్చిన నష్టమేమిటి?" అన్నారు. ఆయనకు చెప్పాల్సిన జవాబు అందరికీ కలిపి రాస్తున్నాను.

ప్రభుత్వ సొమ్ముతో కొనేవాళ్లు బజారు ధర తెలుసుకుని కొనాలనే మూడు కొటేషన్ల పద్ధతి పెట్టారు. మూడూ ఒకరే రాస్తే తెలిసే ధర ఏముంటుంది? ఒక కార్యాలయంలో అలాంటి కాగితాలు మూడూ పక్కపక్కన పెట్టి ఉండగా చూశాను. పేర్లు వేరు, చిరునామాలు వేరు. 'పౌడర్ కోటింగ్' అన్న మాటలో మాత్రం మూడింటిలోనూ ఒకే అక్షర దోషం. జీఎస్టీ గడిలో గీత మూడింటిలోనూ ఒకేచోట వంకర పోయింది. రేట్ల మధ్య సరిగ్గా రెండేసి వందల తేడా. తయారు చేసినవారికి కాస్త ఓపికైనా ఉండాల్సింది!

పెద్ద టెండర్లలో దీన్ని కవరింగ్ బిడ్ అంటారు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం ఇది బిడ్ రిగ్గింగ్, అంటే బిడ్లలో కుమ్మక్కు. కుమ్మక్కు సాగిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవరులో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయవచ్చు. పుణే మునిసిపల్ కార్పొరేషన్ చెత్త శుద్ధి ప్లాంట్ల టెండర్ల కేసులో 2018లో కాంపిటీషన్ కమిషన్, పోటీ ఉన్నట్టు చూపడానికి పేరు అరువిచ్చిన సంస్థలకూ జరిమానా వేసింది. ఉత్త లెటర్‌హెడ్డే కదా అనుకునేవారు ఆ కేసు గుర్తుంచుకోవాలి.

అంతకంటే నాకు మంటెక్కించే విషయం ఇంకొకటి ఉంది. ఎవరికో పర్సంటేజీ ఇస్తానని ఒప్పుకున్నవాడు ఆ డబ్బును సరుకులోనే రాబట్టుకుంటాడు. ఇద్దరు కూర్చునే డ్యూయల్ డెస్కుకు 18 గేజి పైపు అడిగారనుకోండి, మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. 20 గేజి వేస్తే 0.9 దగ్గర ఆగుతుంది. గేజి నంబరు పెరిగేకొద్దీ పైపు పలచబడుతుందని కొనేవారిలో చాలామందికి తెలియదు. రంగు వేశాక రెండూ ఒకేలా ఉంటాయి. పావు వంతు ఇనుము మాయమైనట్టు ఎవరికీ తెలియదు, పిల్లలు ఎక్కి దిగీ వెల్డింగ్ వదిలేదాకా.

అందుకే మాతో సహా ఎవరి సరుకు దిగినా, కాలి చివరి ప్లాస్టిక్ బుష్ లాగేయండి. అంచున రంగు గీకి, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ పెట్టి చూడండి. మా డెలివరీ వ్యానులో కాలిపర్ ఉంటుంది, అడిగి తీసుకోండి. ఇకనుంచి మా కొటేషన్ మీద పైపు మందమూ, ఒక్కో డెస్కు బరువూ రాసి ఇస్తాం.

మరో రెండు కొటేషన్లు కావాలంటే మా పోటీదారుల నంబర్లు ఇస్తాం. వారిలో కొందరు మాకంటే తక్కువకే ఇస్తారు, ఇవ్వనివ్వండి. ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్‌లో కొనే కార్యాలయాలకు ఒక మనవి: ఒకే కంపెనీ కేటలాగు చూసి కొలతలు దింపకండి. అలా చేస్తే ఎంతమంది బిడ్ వేసినా గెలిచేది ఆ కంపెనీయే.

బిల్లు పాస్ చేయించడానికి మేము ఎవరికీ ఏమీ ఇవ్వం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవారికీ ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే చట్టం వారిని వదిలేస్తుంది. తెలంగాణలో ఏసీబీ నంబరు 1064.

ఈ పట్టుదల వల్ల ఆర్డర్లు తగ్గాయి, రెండో షిఫ్టు ఆపేశాం. కొన్ని ప్రభుత్వ బిల్లులు గడువు దాటినా రాలేదు, చిన్న పరిశ్రమల బకాయిల ఫిర్యాదులకు కేంద్రం పెట్టిన సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు వేశాం. కాబట్టి ఈ ఏడు అప్పు మీద సరుకు ఇవ్వలేం. సగం అడ్వాన్సు, మిగతా సగం మీరు కొలిచి చూసుకున్నాక. జూన్‌కు డెస్కులు కావాల్సిన బడులు ఏప్రిల్ లోపు ఆర్డరు చెబితే బాగుంటుంది.