గాలి మళ్లేలోపు

బావా,

నీ ఉత్తరానికి జవాబు ఇరవై రోజులు ఆలస్యమైంది, కోప్పడబాక. ఇంట్లో అందరూ బాగుండారు, పిల్లోళ్లకి పరీక్షలు. అసలు సంగతికొస్తా.

ఈ గాలి చూస్తుండావా? ఉగాది రాకముందే రోహిణి కార్తె దిగినట్టుండాది. పొద్దున తొమ్మిదికే వెలిగొండల వైపు నుంచి పడమటి గాలి ఎత్తుకుంటుండాది. కొండ దిగేకొద్దీ అది ఇంకా వేడెక్కి, చుక్క తేమ లేకుండా మన మీద పడతుండాది. మధ్యాహ్నానికల్లా రావాల్సిన సముద్రపు గాలిని మైపాడు ఒడ్డు కాడే ఆపేస్తుండాది. వడ్లు ఒక్కరోజులో ఎండుతుండాయని అందరూ సంబరపడతుండారు. నాకు భయం అక్కడే. నీ పది పుట్ల వడ్లూ కళ్లంలోనే ఉండాయంటివే!

ఈ గాలికి గింజ పైన గబగబా ఆరిపోద్ది, లోపల తడి అట్నే ఉంటది. ఆ లాగుడుకి చిట్లుద్ది. బాగా ఆరిన గింజకి రాత్రి తూర్పు గాలి చెమ్మ తగిలినా అంతే. పైకి ఏమీ కనపడదు, మిల్లులో పోశాక నూకై బయటపడుద్ది. పది గింజలు గోటితో వలిచి ఎండకెత్తి చూడు. బియ్యం మధ్యలో అడ్డంగా వెంట్రుకంత గీత ఉంటే చెడినట్టే.

అందుకని అంగుళం, అంగుళంన్నర మందాన పరువు. పలచనైతే మాడుద్ది, మందమైతే అడుగు ఆరదు. అరగంటకోసారి కాలితో చాళ్లు తీసి తిప్పు. పన్నెండు నుంచి మూడు దాకా కుప్పచేసి గోనెలు కప్పు, గింజలో తడి సర్దుకుంటది. పొద్దుగూకకముందే మళ్లీ కుప్ప. వేడి మీద ప్లాస్టిక్ పట్టా బిగిస్తే లోపల చెమటపట్టి ముక్కిపోద్ది, చల్లారనిచ్చి కప్పు. కొనుగోలు కేంద్రానికి 17 శాతం తేమ దాటకుంటే చాలు, ఇంట్లో నిలవకైతే 14కి దించాలి.

ఇక గాలి మళ్లే సంగతి. రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా ద్రోణి సాగిందంటే, ఈ పొడిగాలీ బంగాళాఖాతం తేమగాలీ దాని కాడ ఎదురుపడతాయి. రాత్రి గాలి ఆగి ఉక్కపోస్తది, తెల్లారి పట్టా తడిమితే అరచెయ్యి తడుస్తది, మధ్యాహ్నానికి పడమర మబ్బులు కోటల్లాగా లేస్తాయి. అవి కనపడ్డాయా, వడ్లు పరవబాక. ఈదురుగాలి ఎక్కువగా పడమటి నుంచే కొడుద్ది, ఆ పక్క పట్టా అంచు రెండు మడతలేసి ఇసుక మూటలు పెట్టు. రాళ్లు జారిపోతాయి. కుప్ప చుట్టూ జానెడు లోతు కాలవ తీసి పల్లానికి వదులు.

అయినా తడిసిందనుకో, క్వింటాకి కిలో కల్లుప్పు, ఇరవై కిలోల పొడి ఊక కలుపు, మొలక రాదు. మన పుట్టి 850 కిలోలు కదా, నీకు 85 కిలోల ఉప్పు కావాలి. ఇప్పుడే తెచ్చిపెట్టు, వానలో ఎవరిస్తారు? కొయ్యని చేను పడిపోతే లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు తడిసేట్టు కొట్టించు. వడ్లకి ఉప్పేందని మీ నాయన కేకలేస్తాడు, ఈ ఒక్కసారికి ఎట్నోకట్ట ఒప్పించు బావా.

ఉలవపాడు మామిడి తోటల్లో గోలీకాయంత పిందెలు ఈ గాలికి రాలిపోతుండాయంట, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుండాది. వాటికి నీళ్లు ఒక్కసారిగా కాకుండా...

ఉత్తరం పట్టుకపోయే కుర్రోడు వాకిట్లో నిలబడుండాడు, అల్లూరు బస్సుకి టైమైందంట. ఉప్పు మర్చిపోబాక.