అరువు గొంతుకు అనుమతి అక్కర్లేదా?

సంపాదకులకు,

ప్రముఖుల గొంతును కృత్రిమ మేధతో అనుకరించడం మిమిక్రీకి కొనసాగింపేనన్న వాదనతో నేను ఏకీభవించలేను. మిమిక్రీ కళాకారుడు వేదికపై ఉన్నప్పుడు అది అనుకరణేనని శ్రోతకు తెలుసు, అసలు ఆనందమంతా అలా తెలియడంలోనే ఉంది. యంత్రం పుట్టించిన గొంతు మాత్రం అసలు మనిషే మాట్లాడాడని నమ్మించగలదు.

చట్టానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికా గాయని బెట్ మిడ్లర్ ఒక కారు ప్రకటనకు పాడనన్నప్పుడు, ప్రకటనదారులు ఆమెలా పాడే మరొకరితో పాడించారు. పాటకు అనుమతి తీసుకున్నప్పటికీ గొంతును అలా వాడుకోవడం తప్పేనని అక్కడి అప్పీలు కోర్టు 1988లోనే తేల్చింది. కాపీరైటు రికార్డింగును కాపాడుతుందే తప్ప గొంతును కాదు. ఆ లోటు తీర్చేందుకే అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 2024లో గొంతుకు ప్రత్యేక రక్షణ కల్పించింది. అదే ఏడాది అర్జీత్ సింగ్ గొంతును ఏఐ సాధనాలతో వాడుకోవడాన్ని బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలువరించింది.

వ్యంగ్యానికి, విమర్శకు మినహాయింపు ఉండాల్సిందే. వ్యాపార ప్రకటనలకు, కొత్త పాటలకు మాత్రం రాతపూర్వక అనుమతి తప్పనిసరి చేయాలి. మరణించినవారి విషయంలో వారసుల సమ్మతి చాలునని కొందరంటారు. బతికుండగా ఆ గాయకుడు పాడనని తిరస్కరించిన పాటను వారసులు పాడించవచ్చా అన్నది నన్ను వేధిస్తున్న సందేహం.

– ఒక పాఠకుడు